ఆకుపచ్చ సబ్బు ముక్క

అన్నయ్యా,

తోట బంగళా కాపలా పెద్దాయన చావును అమ్మ నెత్తిన వేసి నువ్వు చేతులు దులుపుకున్నావు. నీ క్షేమం అడిగే ఓపిక నాకు లేదు. ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తున్నావు కాబట్టి రాసి కొరియర్‌లో వేస్తున్నాను. కాగితాన్ని మధ్యలో కట్ చేయలేవుగా.

"అమ్మ ఎలా ఉంది?" అని మెసేజ్‌లో అడిగావు. అన్నం ముందు కూర్చుంటుంది, కలుపుతుంది, లేచిపోతుంది. తన కంచం ఎవరినీ ముట్టుకోనివ్వదు. పరీక్షలో ఏమీ లేదని వచ్చినా నమ్మదు. "అప్పటికి తగ్గిపోయి ఉంటుందే. పాపం, ఆ పెద్దాయన పూటపూటా నా ఎంగిలి కంచం తీశాడు. నేనే చంపాను" అంటుంది. అలా ఉంది అమ్మ.

ఊరు దాటొద్దని ఆంక్షలున్న రోజుల్లో ఆ షికారు ఎవరడిగారు? ఇంటి నుంచే పని చేసుకోమన్నారని నువ్వూ వదినా అప్పుడు మా దగ్గరే ఉన్నారు. "నాలుగు గోడల మధ్య పిచ్చెక్కుతోంది, శని ఆదివారాలు పచ్చటి చోట గడిపొద్దాం" అని శుక్రవారం సాయంత్రమే నువ్వే బయల్దేరదీశావు. నాకు సబ్బుల ఫ్యాక్టరీలో సెలవివ్వలేదు. దారిలో పోలీసులు కారు ఆపితే, "మా అమ్మకు బాలేదు సార్, ఆసుపత్రికి" అన్నావట. వెనక్కి తిరిగి "దగ్గమ్మా, గట్టిగా" అని గొణిగావట. పిచ్చితల్లి, దగ్గింది. ఆ దొంగ దగ్గుకే తనకు శిక్ష పడిందని ఇప్పుడు ఏడుస్తోంది.

శనివారం పొద్దున బంగళాలో జరిగిన సంగతికి వస్తాను. రోజూ లేవగానే నేను తెచ్చిన సబ్బు అందరి ముక్కు దగ్గరా పెట్టడం, వాసన వస్తే ఆ పూటకు గండం గడిచిందనుకోవడం మన ఇంటి అలవాటు. ఏ డాక్టరూ చెప్పలేదు, అమ్మ కనిపెట్టిన వైద్యం. ప్రయాణానికని అరలోంచి కొత్త ముక్క తీసుకుంది, ఆకుపచ్చది. ఆకుపచ్చంటే నిమ్మ అని మనందరికీ తెలుసు.

అమ్మ వాసన చూసింది. ఏమీ రాలేదు. మళ్లీ చూసి, ముఖం పాలిపోయి నీ చేతికిచ్చింది. నువ్వు ఒక్కసారి పీల్చి, "అబ్బ, అప్పుడే నిమ్మకాయ కోసినట్టుంది!" అన్నావు. అంతే, అమ్మ గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. తిరుగు ప్రయాణం దాకా బయటికి రాలేదు. పెద్దాయన గడప దగ్గర కంచం పెట్టి, కిటికీ వైపు వచ్చి, "ఇంత దూరం వచ్చి గోడలు చూస్తారేంటమ్మా? మీ ఇంట్లో గోడల్లేవా?" అని నవ్వించేవాడట.

నువ్వేమో వరండాలో ఆయనతో పేకాడావు. "ఈ గాలికి జబ్బులేంటి పెద్దాయనా, తీసెయ్ ఆ గుడ్డ" అని ఆయన మాస్కు నీ చేత్తోనే లాగావు. వదిన చెప్పింది. ఆయన భుజం మీద చెయ్యేసి దిగిన ఫొటో నువ్వే పంపావు, వెనక కిటికీలో అమ్మ.

వదిన అక్కడితో ఆగలేదు. శుక్రవారం నుంచే నువ్వు కూర చప్పగా ఉందని, కాఫీ వేడినీళ్లలా ఉందని సణిగావట. తిరిగొచ్చి మీరు మీ ఇంటికి వెళ్లిపోయాక పరీక్షలో నీకు జబ్బు ఉందని తేలితే, అమ్మకు చెప్పొద్దని ఆమె చేత ఒట్టు వేయించుకున్నావట. ఆ ఒట్టు మోయలేక నా దగ్గర ఏడ్చింది.

పైగా నీ మెసేజ్ చూడు: "ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఎవరు చెప్పగలరు? అమ్మకూ వాసన పోయిందిగా."

నేను చెప్పగలను. ఆ ఆకుపచ్చ ముక్కకు వాసనే లేదు. ఆ వారం మా ఫ్యాక్టరీకి సెంటు సరుకు రాలేదు. రంగు మాత్రం కలిపి ఒక విడత తీశారు. అమ్మకానికి పనికిరాదని మాకు పంచారు. చేతులు కడుక్కోవడానికని అరలో పెట్టాను. అమ్మ ముక్కు బాగానే ఉందన్నయ్యా. లేని వాసన లేదని చెప్పింది. లేని వాసన గుప్పుమందన్నవాడివి నువ్వు.

ఈ మాట అమ్మకు చెప్పాను. "నన్ను ఓదార్చడానికి కథలు చెప్పకు. వాసనే లేకపోతే మీ అన్నయ్యకెలా వచ్చిందే?" అంది. అన్నయ్య అబద్ధమాడాడమ్మా అన్నాను. చెంప పగలగొట్టింది. పుట్టి బుద్ధెరిగాక నన్ను కొట్టడం అదే మొదలు.

జబ్బు వచ్చినందుకు నిన్నేమీ అనను. భయమేసి ఆ నిమిషం నోటికొచ్చింది అనేశావు, అదీ సరే, నేనైనా అనేదాన్నేమో. అమ్మ తలుపేసుకుంటుంటే చూస్తూ కూర్చున్నావే, అది నాకు మింగుడు పడటం లేదు.

సోమవారం ఆంక్షలు ఎత్తేస్తున్నారు. మొదటి బస్సుకే వెళ్లి పెద్దాయన భార్య ముందు నిలబడి, "మీ ఆయన్ని చంపింది నేనే" అని చెప్పుకుంటుందట అమ్మ. కట్టుకునే చీర కూడా తీసి పెట్టుకుంది. ఆపుదామంటే నా మాట చెవిన పెట్టదు. ఆవిడ తిడుతుందో, కొడుతుందో, చేయని పాపానికి మన అమ్మ అక్కడ తల వంచుకుని నిలబడుతుంది.

ఆదివారం సాయంత్రం లోపు ఫోన్ చెయ్యి. నాకక్కర్లేదు, అమ్మకు చెయ్యి. "నాకు వాసన రాలేదమ్మా, అబద్ధం చెప్పాను" అని నీ నోటితో చెప్పు. సోమవారం ఆ బస్సు నువ్వెక్కు.

ఇట్లు,
ఆదివారమంతా ఫోన్ పట్టుకుని అమ్మ పక్కనే కూర్చోబోయే
నీ చెల్లి