నాలుగో సాలు

సత్యవాణి మేడమ్ గారికి,

మీ మినప మడులు చూసుకునే మనిషి నమస్కారం చేసి రాసుకుంటున్నదండి.

అడవి మినుములు సాలుకో రకం వేయించి, వాటిలో బూడిద తెగులును తట్టుకునే రకం ఏదో తేలాలి, ఎంత తెగులొచ్చినా మందు కొట్టొద్దన్నారు. మీరు ఊళ్లో లేని వారం, అన్నిటికన్నా ముందు నాలుగో సాలు ఆకులమీద తెల్ల మచ్చలు లేచాయి. ముప్పై ఏళ్లుగా పైర్లను బతికించిన చెయ్యి కదండీ, ఊరుకోలేకపోయింది. ఆ ఒక్క సాలుకీ గంధకం కొట్టేశాను.

నిన్న మడంతా తెల్లబడినా ఆ సాలు పచ్చగా ఉందని మీరు చిన్నపిల్లలా గంతులేశారు. అప్పుడే చెప్పాల్సింది. దాని విత్తనం పై ఆఫీసుకి పంపుతానన్నారు. పంపకండి. ఆ పచ్చదనం నా మందు చలవేనండి.

సంతోషంగా మీరు నా చేతిలో పెట్టిన పూతరేకుల పొట్లం ఇంకా విప్పలేదు.