ఏర్పేడు ప్లాటు నష్టం

నాయనా,

నా తెలుగులో తప్పులుంటే మన్నించు. రాత్రి బడిలో నేర్చిన చదువు. దీర్ఘాలు ఇప్పటికీ తడబడతాయి. అయినా నువ్వు పోయి ఏడాది నిండిన ఈ రోజు, ఈ సంగతి నేనే రాయాలి.

నా పేరిట నువ్వు ఏర్పేడులో కొన్న ప్లాటును అమ్మేశాను. నువ్వు అనుకున్నట్టే పెద్ద కాలేజీ వచ్చింది గానీ, రోడ్డు అవతలి వైపుగా పోయింది. కొన్న ధర కూడా రాలేదు.

నిన్న చిత్తూరులో మన పన్ను లెక్కలు రాసే భాస్కర్ ఆ అమ్మకాన్ని నష్టంగా చూపమన్నాడు. నేను పెన్ను కింద పెట్టేశాను. మన అంగడిలో ధాన్యం కొలిచేటప్పుడు నువ్వు మొదటి మానికను ఒకటి అనకుండా "లాభం" అని పోసి, తరువాత "రెండు" అనేవాడివి. నష్టమన్న మాటను అంగడి గడప తొక్కనివ్వలేదు.

"ఏమన్నా, నష్టం రాసేదానికి ఇంత బిగుసుకుంటే ఎట్లా? దొంగతనం జేసినావా ఏమి?" అని భాస్కర్ నవ్వాడు. "గడువు లోపల సూపిస్తేనే, రేపు అంగడి జాగా అమ్మినప్పుడు వచ్చే లాభంలో దీన్ని తీసేస్తారు."

"మా నాయన కొన్న ప్లాటప్పా అది."

"ఆయనే ఉంటే కొలత తప్పుగా సెప్పమనేవాడా?"

అనేవాడివి కావు. మానిక వెలితిగా ఉంటే ఇంకో పిడికెడు పోసేవాడివే గానీ, నిండిందని ఎన్నడూ అనలేదు. నష్టాన్ని నష్టంగానే చూపి సంతకం చేశాను.

ఈ ఉత్తరాన్ని తరువాత తమ్ముడు చదవాలి. ప్లాటు మంచి లాభానికి పోయిందని ఊళ్లో చెబుతున్నది వాడే. ఆపైన వాడే అమ్మకు చదివి వినిపించాలి. నష్టం అన్నచోట గొంతు తగ్గించకూడదు.