మూడో గిన్నె

నాయనా ఓబులేసూ,

నువ్వు పోయి ఇవాళ్టికి రెండేండ్లు. నేను ఏడుస్తానని ఇంట్లో ఎవరూ నీ పేరెత్తరు. అప్పటికి నీ చెల్లెలు లచ్చుమి ఇంకా చంకపిల్ల. దానికి నువ్వు గుర్తే లేవనుకున్నాను.

ఈ వారమంతా కడప నుంచి ఒక చదువుకునే పిల్ల వచ్చి మన అరుగు మీద కూర్చుంటోంది. ఇండ్లలో పిల్లలు ఎలా పెరుగుతారో చూసి రాయడం నేర్చుకుంటోందట. ఏమీ అడగకుండా ఊరికే చూడాలని వాళ్ల పంతులమ్మ చెప్పి పంపిందట.

"ఊరికే చూసేదానికి గూడా చదువు కావాల్నా తల్లీ? మా అత్త ఏ చదువూ లేకుండానే దినమంతా నన్ను చూస్తాంటాది" అన్నాను. ఆ పిల్ల పకపకా నవ్వింది.

ఈ పొద్దున లచ్చుమి బువ్వలాట ఆడుతూ మూడు టెంకాయ చిప్పల్లో ఇసుక వడ్డించింది. ఒకటి తనకు, ఒకటి గుడ్డబొమ్మకు. కడప పిల్ల ఉండబట్టలేక అడిగేసింది.

"మూడోది ఎవరికి పాపా?"

"మా అన్నకు. మాయమ్మ దినామూ అన్న గిన్నె పెట్టి, మళ్లా తీసేస్తాది. నేనైతే తీయను."

గడపలో అలాగే నిలబడిపోయాను. వడ్డించేటప్పుడు అలవాటుగా నీ గిన్నె కూడా పెట్టేస్తాను నాయనా. ఎవరూ చూడకముందే తీసేస్తున్నాననుకున్నాను.

"అడగకూడదమ్మా, తప్పు చేశాను" అంది ఆ పిల్ల.

"ఏం తప్పు లేదులే తల్లీ" అన్నాను.

ఈ పూట నీ గిన్నె తీయలేదు. అందులోనూ సంగటి ముద్ద పెట్టాను. మీ నాయన చూశాడు. నీళ్ల చెంబు నీ గిన్నె పక్కకు జరిపాడు.

మీ అమ్మ