పొయ్యి లేకుండా మరుగుతున్న ఎసరు

మండల తహశీల్దారుగారి సముఖమునకు గోగివారిపేట అంగన్‌వాడీ కార్యకర్త సుస్మిత, బీఎస్సీ (రసాయనశాస్త్రం), వ్రాసుకొన్న మనవి.

అయ్యా,

విషయం: మా కేంద్రం వెనక నీటిగుంటలో బుడగలు వచ్చుట, పిల్లలు దానిపై వంట చేయుట, కేంద్రమును తక్షణం వేరే చోటికి మార్పించి గొట్టమును పరీక్ష చేయించుట గురించి.

1. మా పెరటి కొబ్బరిచెట్ల కిందుగా ఒక కంపెనీవారి గ్యాసు గొట్టం భూమిలో పోవుచున్నది. వానలు పడినది లగాయతు దాని మీది గుంటలో నీళ్ళు బుడబుడమంటున్నవి. చుట్టూ గడ్డి ఇంత తడిలోనూ మాడిపోయినది. పొద్దున్నే తలుపు తీస్తే కిరసనాయిలు లాంటి వాసన.

2. పసిపిల్లలకు ఆటల ద్వారా, ఇంటిపనుల ద్వారా నేర్పవలెనని పైవారి ఆదేశం. ఆ ప్రకారం పీటలు పెద్దది కింద, చిన్నది పైన పేర్చడం నేర్పినాను. ఆయా సూరమ్మగారు వండుతుండగా చుట్టూ కూర్చోబెట్టి వంట వరుస నేర్పినాను: పొయ్యి అంటించాలి, ఎసరు పెట్టాలి, మరిగేక బియ్యం పొయ్యాలి. పిల్లలు బాగా నేర్చుకున్నారు. నా భయం అదే.

3. నాలుగేళ్ళ నిఖిత గుంట చుట్టూ ఇటుకముక్కలు పెట్టి, కొబ్బరిచిప్పలో ఇసక కడుగుతూ కనబడినది.

"ఏం వండుతున్నావే?"

"అన్నమండీ. ఎసరు మరిగిపోతందండీ, చూడండి." చెయ్యి ముంచి చూపించింది. "కాలట్లేదండీ. పొయ్యి అంటించడం మర్చిపోయేమండీ."

ఆ తడిచెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చినాను.

4. కంపెనీకి ఫోను చేయగా ఒకాయన వచ్చి, బండి దిగకుండానే చూసి, "పీత బొరియలమ్మా. లోపలి గాలి తన్నుకొస్తంది, అంతే" అన్నారు.

"పీతలు గడ్డిని కూడా మాడుస్తాయాండీ?"

"బాగా చదువుకున్నట్టున్నారే!" అని నవ్వి వెళ్ళిపోయేరు.

సర్పంచి కొండలరావుగారు "ఆయ్, కంపెనీవారే చూసేరు కదమ్మా, మరింక మనకెందుకు" అన్నారు. కేంద్రం మూసేస్తానంటే, ఉత్తర్వు లేనిదే మూయరాదన్నారు మా సూపర్‌వైజరుగారు. పైగా గుంట చుట్టూ కూర్చున్న పిల్లలను ఫోటో తీసి, "ఆటలో చదువు" అని వాట్సాప్ గ్రూపులో పెట్టేరు. అందులో బుడగలు స్పష్టంగా కనబడుతున్నవి. తమరు కూడా దాని కింద బొటనవేలు గుర్తు పెట్టియున్నారు.

5. గుంటకు అడ్డంగా కొబ్బరిమట్టలు కట్టించినాను. మర్నాటికి అది వంటింటి గోడ అయినది. అపాయమని ఎర్రగుడ్డ వేలాడదీశాను. దాన్ని తలుపు తెర చేసుకున్నారు. ఈ వయసు వాళ్ళకి అపాయం అని చూపించడానికి ఏ వస్తువూ లేదండి. ఏది ఇచ్చినా ఆడుకుంటారు.

6. పోనీ మరపిద్దామని లోపల బడ్డీకొట్టు ఆట పెట్టినాను. మొదటి బేరం పవన్‌ది. "ఏం కావాలండీ?" అన్నాను. "అగ్గిపెట్టండీ. మా వంటకి అదొక్కటే తక్కువండీ" అన్నాడు. అప్పటినుంచి వంటింటి అగ్గిపెట్టెను అలమరా పైఅరలో పెట్టిస్తున్నాను. బయట తాళం వేద్దామంటే పెరటికి తలుపే లేదు. ఇంటికి పంపేద్దామంటే తల్లులంతా రొయ్యల చెరువుల పనికి పోయి ఉంటారు.

కావున తమరు పై సంగతులు చిత్తగించి, గుంట దగ్గరికి నిప్పు కంటే ముందు రావలెనని, మూసివేతకు ఉత్తర్వు ఈ రోజే ఇప్పించవలెనని వేడుకొనుచున్నాను.

ఇట్లు,
తమ విధేయురాలు,
సుస్మిత

తా.క.: తమ వరండాలో వరుసలో కూర్చుని ఇది రాస్తున్నాను. సూరమ్మగారు ఇప్పుడే ఫోను చేసేరు. "అగ్గిపెట్టె మీరేమైనా పట్టుకెళ్ళేరా అమ్మా?" అని. లేదన్నాను. అలమరా కింద పీటలు పేర్చి ఉన్నాయంట. పెద్దది కింద, చిన్నది పైన. పిల్లలేరీ అంటే, "పెరట్లోనేనమ్మా, ఈవేళ అసలు అల్లరే లేదు" అంటున్నారు. పరిగెత్తమని చెప్పేను. ఆవిడకి మోకాళ్ళ నొప్పులండి. ఈ కాగితం మీ బంట్రోతుగారి చేతిలో పెట్టి పోతున్నాను. రసీదు వద్దు. ముందు లేవండి సార్.