బండి మీ ఇంటిదేనా?

బచేలి,
ఆదివారం.

అమ్మకు నమస్కరించి కల్యాణి రాసేది.

ఇక్కడ నేనూ, మీ అల్లుడు కిషోరూ, చింటూ కులాసాగానే ఉన్నాం. ఉత్తరమన్నాక ఆ ముక్క పడాలి కాబట్టి పడేశాను. ఎంత కులాసానో చివరిదాకా చదివాక నువ్వే చెబుదువుగాని. అక్కడ నువ్వూ, తమ్ముడు రాంబాబూ, మరదలూ బాగున్నారని తలుస్తాను. ఈ ఉత్తరం రాంబాబు చేత చదివించుకోకు. కంటి ఆపరేషన్ అయింది కదా, అద్దాలు పెట్టుకుని నువ్వే చదువుకో. మధ్యలో వాడు వచ్చి ఏం రాసిందని అడిగితే ఊరగాయ కబుర్లని చెప్పు.

నీ ఉత్తరంలో అడిగినవన్నీ వరసగా చెప్తాను. వాన పట్టింది. ఇనుపగని కొండ మీంచి ఎర్రనీళ్లు దిగుతున్నాయి, ఉతికిన తెల్లబట్ట ఒక్కటీ తెల్లగా లేదు. క్వార్టరు వెనక కాలువ బాగుచేశారా అన్నావు. బాగుచేస్తారు, మనం రిటైరై పోయాక. చింటూ చదువుతున్నాడు, అంటే పుస్తకం ముందు కూర్చుంటున్నాడు. ఈయనకి బీపీ మాత్ర మార్చారు. కొత్త టీవీ ఎలా ఉందన్నావు. గోడంత ఉంది, దాని మొహం చూడబుద్ధి కావడం లేదు.

ఆఖరున నువ్వు రాసిన ముక్క ఉందే, "ఊర్మిల ఎలా ఉంది, పిట్టలది దానికి ఇచ్చావా, వాళ్ల ఊళ్లో బాగా కొడుతోందా" అని, దాని దగ్గరే ఆగిపోయి ఇన్నాళ్లూ జవాబు రాయలేదు. నీకెలాగూ ఫోన్లో వినబడదు. వినబడినా ఫోన్లో చెప్పేదాన్ని కాదు. ఇప్పుడు తెలియని నంబరు నుంచి ఫోను మోగితే ఎత్తడమే మానేశాను.

పిట్టలది ఇచ్చానమ్మా. నేనే సంచిలో పెట్టి ఇచ్చాను.

నీకు చెవులు పూర్తిగా పోయిన ఏడాది గుర్తుందా? సీరియల్ పెడితే "మూగోళ్ల సంత" అని విసుక్కునేదానివి. అప్పుడే ఈయన అటక మీంచి తన చిన్ననాటి వీడియోగేమ్ దించారు. ఆ పెట్టె, క్యాసెట్లు, దానికి తగిలించే నల్ల తుపాకీ. ఆ తుపాకీ అసలు కంపెనీ వాళ్లది కాదు. అసలుది నారింజ రంగులో బొమ్మలా ఉండేదట. ఇది ఎవడో ఆ పెట్టెకి సరిపోయేలా తయారుచేసి అమ్ముకున్న నకిలీ. కొనుక్కొచ్చిన రోజున వాళ్ల నాన్నగారే ఉలిక్కిపడ్డారట, అచ్చం పోలీసు పిస్తోలులా ఉందని. నువ్వు మాత్రం తుపాకీ అనే మాట ఇంట్లో అననివ్వలేదు. "శుభమా అని ఆడుకుంటుంటే తుపాకీ ఏటి, పిట్టలది అనండి" అన్నావు. అప్పటినుంచి మనింట్లో అది పిట్టలదే.

చెవులతో పనిలేని ఆట దొరికిందని నీ సంబరం చెప్పతరమా! నిన్ను కనిపెట్టుకుని ఉండటానికని పెట్టుకున్న ఊర్మిల, నువ్వూ, ఇద్దరూ టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునేవారు. ఎగిరే పిట్టని కొడితే అది పడేది, ఆ పిల్ల చప్పట్లు కొట్టేది. మధ్యాహ్నం కాఫీ అడిగినా నాకు దిక్కులేదు. కొత్త టీవీ వచ్చాక ఎన్నిసార్లు నొక్కినా ఒక్క పిట్టా పడక, "నా గురి పోయిందే కల్యాణీ" అని నువ్వు ఏడుపు మొహం పెట్టావు. ఆ తుపాకీ పాత గాజుగొట్టం టీవీల మీదే పనిచేస్తుందని అప్పుడు కదా ఈయన చెప్పారు. దాంతో పాత టీవీని ఆ పిల్లకే ఇచ్చేశాం. వాళ్ల అక్క వచ్చి ఆవపల్లి అవతల తమ ఊరికి పట్టుకెళ్లింది. నువ్వు విజయనగరం వెళ్లేటప్పుడు, ఈసారి ఊరెళ్తే ఆ పెట్టే పిట్టలదీ కూడా దానికే ఇమ్మని నాకు ఒట్టు పెట్టి మరీ వెళ్లావు.

విత్తనాల పండక్కని బయలుదేరింది. సంచిలో పెట్టి, పైన నీ పాత చీర కప్పి ఇచ్చాను. బస్సెక్కింది. ఊరు చేరలేదు.

దారిలో చెక్‌పోస్టు. ఏ చెక్‌పోస్టో ఎందుకులే, అన్నీ ఒకలాగే ఉంటాయి. బస్సు ఆపి సంచులు చూశారు. చీర తీస్తే కింద నల్ల పిస్తోలు, దానికి వైరు. అంతకు ముందే ఆ చుట్టుపక్కల సంతలో ఎవరో బొమ్మ తుపాకీ చూపించి దుకాణాల వాళ్లని బెదిరించారట. ఇక అడగాలా! ఇది ఆట వస్తువు, టీవీకి పెట్టి ఆడేది అని ఆ పిల్ల మొత్తుకుంది. వాళ్లూ మరీ వినకుండా ఏం లేదు. పెట్టెని అక్కడున్న టీవీకి తగిలించి, "ఏదీ, పిట్టని పడగొట్టు" అన్నారట. అది కొత్తరకం టీవీ. పిట్టలు ఎగిరాయి. ఎంత నొక్కినా ఒక్కటీ పడలేదు. ఆట వస్తువైతే పిట్ట పడాలి కదా, అబద్ధం చెప్తోందని తేల్చేశారు. ఆ టీవీ ముందు ఆ పిల్ల ఎలా నిలబడి ఉంటుందో తలుచుకుంటే నాకు అన్నం దిగడం లేదమ్మా.

ఎవరిచ్చారంటే నా నంబరు చెప్పింది. తెలుగొచ్చిన కానిస్టేబుల్ ఒకతను ఫోన్ చేశాడు. నేను పోపు వేస్తున్నాను. సిగ్నల్ గరగరలాడుతోంది.

"అమ్మా, బండి మీ ఇంటిదేనా?" అన్నాడు.

"ఏ బండి?" అన్నాను.

"ఇక్కడ పట్టుకున్నాం. తుపాకీ దొరికింది. బండి మీ ఇంటిదేనని చెప్పారు."

ఎవరి కారులోనో, జీపులోనో తుపాకీ దొరికితే మన మెడకి చుడుతున్నారనుకున్నాను. "మాకు బండీ లేదు, గిండీ లేదు బాబూ. ఎవరిదో తెచ్చి మాకు అంటగడతారేంటి?" అని అరిచాను.

"సరిగ్గా ఆలోచించుకుని చెప్పండి. మీది కాదా?"

"కాదు, కాదు, కాదు," అన్నాను. మూడుసార్లు అన్నాను. నా నోరు పడిపోను.

అమ్మా, ఇంకా నీకు తట్టలేదు కదూ? నాకూ తట్టలేదు. ఆ పిల్ల పనికి వచ్చిన మొదటిరోజు పేరడిగావు గుర్తుందా? "బండి" అంది. నువ్వు పడీ పడీ నవ్వావు. "ఆడపిల్లకి బండేటే, లారీ అని పెట్టకపోయారా! మా ఇంట్లో నువ్వు ఊర్మిలవి," అన్నావు. ఆ పిల్లా నవ్వింది. ఆ పేరు మనం విన్నది ఆ ఒక్కరోజే. ఈ కాలనీలో పనికొచ్చే కోయపిల్లలకి ఏ ఇంట్లో చూసినా ఇదే వరస. ముయె అని వస్తే మంగ అంటాం, మాసా అని వస్తే మహేష్ అంటాం, మన నోటికి తిరగదని. ఆధార్ కార్డులో మాత్రం అది కుర్సం బండి. మగవాడై ఉంటే ఆ కానిస్టేబుల్ "మీ ఇంటివాడేనా" అని అడిగేవాడు, నేను ఆగి ఎవడని అడిగేదాన్ని. ఆడదానికీ వస్తువుకీ మన భాషలో ఒక్కటే "ది" అయిపోయింది. బండి మాది కాదని నేనన్నాను. బండి ఎవరో తెలియదని వాళ్లు రాసుకున్నారు.

ఇక్కడిదాకా పొరపాటు. ఇక్కడితో ఆగి ఉంటే నీకు ఇంత భయపడుతూ రాసేదాన్ని కాదు.

ఆ సాయంత్రమే నాకు తెలిసిపోయిందమ్మా. దీపం పెడుతుంటే, పిట్టలది ఉండే గూడు ఖాళీగా కనబడింది. తుపాకీ అన్నాడు, బండి అన్నాడు. ఒక్కసారిగా రెండూ కలిసిపోయాయి. ఈయన డ్యూటీ నుంచి రాగానే చెప్పాను, వెంటనే ఫోన్ చేద్దామని. "పిచ్చా నీకు? తుపాకీ మా ఇంటిదేనని నువ్వే చెప్తావా? రేపు నా గేటుపాసు ఆపేస్తే? క్వార్టరు ఖాళీ చెయ్యమంటే? నోరు మూసుకుని ఉండు, బొమ్మని చూసి వాళ్లే వదిలేస్తారు," అన్నారు. నోరు మూసుకున్నాను. నేరం ఈయన మీద పెట్టి తప్పించుకోను, నాకూ భయమే వేసింది. పొద్దున్న చూద్దామనుకున్నాను. అలా ఎన్ని పొద్దున్నలు పోయాయో నన్ను అడక్కు.

వాళ్ల అక్క, పేరు లక్కే, వెతుక్కుంటూ వచ్చింది. కిటికీలోంచి చూసి కూడా తలుపు తియ్యలేదు. గేటు బయట వానలో చాలాసేపు నిలబడి వెళ్లిపోయింది. చదివి చీదరించుకో, నేనేమీ అనుకోను.

తరవాత నీ ఉత్తరం వచ్చింది. "బాగా కొడుతోందా" అని నువ్వు అమాయకంగా అడిగిన ముక్క చదివాక ఇంట్లో కూర్చోలేకపోయాను. ఈయన డ్యూటీకి వెళ్లగానే తాళం వేసి, బస్సులు మారి లక్కే దగ్గరికి వెళ్లాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "మా బండిని నువ్వెరగనంటివట గదక్కా. కాయితం మీద రాసుకున్నరు," అంది, అంతే. పాత టీవీ ఏదని అడిగాను. దాని మీద పెట్టి చూపిస్తే చాలు కదా, అందరి కళ్లముందూ పిట్ట పడుతుంది కదా అని నా ఆశ. "ఇంట్ల ఉంటే మమ్మల్ని గూడ పట్టుకపోతరని పలగ్గొట్టి వాగులేసినం," అంది. భయపడిన వాళ్లని ఏమంటాం? నేను మాత్రం ఏం ఘనకార్యం చేశానని!

జగదల్‌పూర్‌లో ఇంద్రాణి మేడమ్ అని ఒక వకీలుని పట్టుకున్నాం. ఆవిడ హిందీలో మొహం మీదే అడిగింది, "ఒకసారి కాదని, ఇప్పుడు అవునంటే మీ మాటకి విలువేముంటుంది?" అని. గాజుగొట్టం టీవీ కోసం ఇక్కడి పాత సామాను కొట్లన్నీ తిరిగాను. అన్నిటినీ ఎప్పుడో తుక్కుకింద పంపేశారు. అది బొమ్మేనని చెప్పేందుకు తుపాకీ మీద కంపెనీ పేరూ లేదు, ఊరూ లేదు. పరీక్షకి పంపారట, రిపోర్టు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

లక్కేతో కలిసి జైలుకి వెళ్లాను. ములాఖాత్ కిటికీ దగ్గర "ఊర్మిలని చూడాలి" అన్నాను, అలవాటైన నోరు కదా. ఆ పేరుగల మనిషి లేదన్నారు. లక్కే నా వంక ఒక్క చూపు చూసి, "కుర్సం బండి" అని చెప్పింది.

వచ్చింది. జుట్టు కత్తిరించేశారు, పేలు పడ్డాయని. సగం మనిషైంది. మనింట్లో వాగుడుకాయలా ఉండేది, అటు తిరిగి నిలబడింది. నేను ఏడ్చాను, క్షమించమన్నాను, ఏవేవో వాగాను. చివరికి నాకేసి చూడకుండానే అంది.

"నువ్వేం చెప్తవక్కా. నువ్వు లేదంటివి. మల్ల ఉందంటే ఎవరు నమ్ముతరు? అమ్మమ్మను రమ్మను. అమ్మమ్మ జూసింది గదా, నేను ఆడింది."

ఇనుపవల అవతల టైం అయిపోయిందని పిలిచారు, వెళ్లిపోయింది.

అందుకే రాస్తున్నానమ్మా. వచ్చే నెలలో బెయిలు మీద వాదన ఉంది. అది మనింట్లో ఉండేదని, నీతో కలిసి ఆ తుపాకీతోనే ఆడేదని కళ్లారా చూసి, ఇంతవరకు అబద్ధం ఆడని మనిషివి నువ్వొక్కదానివే ఉన్నావు. ఈయన నాతో మాట్లాడటం మానేశారు. "మీ అమ్మని కూడా ఈ రొంపిలోకి లాగు" అని ఒక్కటే అన్నారు. లాగుతున్నాను. రాంబాబు వద్దంటాడు, ఈ వానల్లో కొండదారి రైలు ఏంటని కేకలేస్తాడు. వాడికి నచ్చచెప్పు, చెప్పినా వినకపోతే అలిగి అన్నం మానెయ్యి, నీకు తెలియని విద్యేం కాదు.

వినబడదని బెంగపడకు. అడిగేది కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించేలా మేడమ్ ముందే అనుమతి తీసుకుంటుందట. చూసింది చూసినట్టు చెప్పు. ఒక్కటి మాత్రం జాగ్రత్త. ఈ పిల్ల ఎవరని తప్పకుండా అడుగుతారు. ఊర్మిల అనకమ్మా. నీ నోటికి అదే వస్తుంది, నాకు తెలుసు, నాకే జైలు దగ్గర అలా వచ్చింది. ఊర్మిల అన్నావంటే, ఈ ముసలావిడకి కూడా బండి ఎవరో తెలియదని రాసుకుంటారు. ఇక దాన్ని ఎరిగినవాళ్లు మనింట్లో ఒక్కరూ మిగలరు. నీ గొంతు నీకు వినబడకపోయినా ఫర్వాలేదు. ఇవాళ్టినుంచి రోజూ పైకి అంటూ ఉండు, మరదలు నవ్వినా సరే. ఈమె పేరు బండి. బండి మా ఇంటిదే.

ఇట్లు,
నీ దగ్గర కూడా ఇన్నాళ్లు దాచిన
నీ కూతురు
కల్యాణి