జింకపిల్ల మెడలో తాయెత్తు

లింగాల,
11-8-1959, మంగళవారం

అమ్మకు కమాల్ బాషా సలాములు. నేను బాగున్నాను. ప్రొద్దుటూరులో నువ్వూ చెల్లెలు మైమూనూ బాగున్నారని మొన్నటి జాబు చూసి తెలుసుకున్నాను.

వేళకు తింటున్నావా అని అడిగావు. జొన్నరొట్టె, ఊరుబిండి దొరుకుతున్నాయి, ఆకలే సరిగా లేదు. "జింకల్ని కాసేదానికి జీతమేందిరా, మేకలైతే పాలన్నా ఇస్తాయి" అన్న నీ ఎగతాళికి నవ్వుకున్నాను. తాతల నాడు ఈ బీళ్ళలో జింకలు మందలుగా తిరిగేవట. వేటగాళ్ళు ఒక్కదాన్నీ మిగల్చలేదు. అందుకే సర్కారు వాళ్ళు కసువు బీడు చుట్టూ కంచె వేసి, వేరే చోటి నుంచి పదకొండు జింకలను లారీలో తెచ్చి వదిలారు. అవి ఏ కసువు తింటున్నాయో, ఎక్కడ పడుకుంటున్నాయో బాలసుబ్బయ్య సారు రోజూ చూసి రాసుకుంటారు. వాటిని చేత్తో తాకకూడదని మాకు ఆయన మొదటి ఆజ్ఞ.

మూడు పిల్లలు పుట్టాయి. రెండింటిని నక్కలు ఎత్తుకుపోయాయి. మిగిలిన ఆ ఒక్కటీ బతికితేనే జింకలు ఈ నేలలో నిలిచినట్టు అంటారు సారు.

కడప దర్గా నుంచి తెచ్చి పంపిన తాయెత్తు కట్టుకున్నావా అని నువ్వు రెండుసార్లు అడిగావు. రెండుసార్లూ జవాబు ఎగ్గొట్టాను. అమ్మా, అది నా మెడలో లేదు. ఆ పిల్ల కసువులో ముడుచుకుని పడుకుని ఉంటే చూడలేక దాని మెడకు కట్టేశాను. మన ఇంట్లో బిడ్డలకు నువ్వు కట్టినట్టే, ఊడకుండా ఏడు ముళ్ళు వేశాను. వారం రోజులు నక్క ఆ దిక్కుకే రాలేదు. నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను.

బిడ్డ పెరిగేకొద్దీ నువ్వు దారం మారుస్తావు. ఆ సంగతి నాకు తట్టనే లేదు. నెల తిరిగేసరికి పిల్ల చేతికందకుండా పరుగెత్తుతోంది. మెడ లావెక్కి దారం బిగుస్తోంది. సారు దుర్భిణిలో చూసి, "దాని మెడలో ఎర్రగా ఏందో కనపడతాంది, నీకేమన్నా తెలుసునా బాషా?" అన్నారు. తెలియదన్నాను. మూడు రోజులు ఆ అబద్ధంతోనే తిరిగాను. నిన్న అది మేత మాని మెడ విదిలించుకుంటుంటే ఆయన కాళ్ళ మీద పడ్డాను.

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "వలేసి పడితే బెదురుకే గుండె ఆగిపోతాది. పట్టకపోతే నీ దారమే సంపుతాది. ఇంగేం జేద్దాం, జెప్పప్పా" అన్నారు. వలలు వేంపల్లె నుంచి రావాలి. శుక్రవారం పొద్దున వేస్తాం. పిల్లను పట్టుకోవలసింది నేనే. ఉద్యోగం పోతే పోనీ, అది బతికితే చాలు.

ఈ జాబు నీకు గురువారానికి అందుతుంది. కట్టిన ముడి ఊడకూడదని ఇన్నేళ్ళూ మా కోసం దువా చేశావు. ఈ ఒక్కసారికి ఊడిపోవాలని చెయ్యమ్మా.

ఇట్లు,
నీ కొడుకు
కమాల్ బాషా