ఇన్‌హేలర్ మానమన్నది నేనే

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున మీ క్వార్టర్‌లో నీ పేరు మీద వంట చేస్తుంటే పోపు ఘాటుకు నాకు ఆయాసం వచ్చింది. నీలాగే నాకూ నలభై దాటాక ఒళ్లొచ్చింది, ఆస్తమా పట్టుకుంది. ఇన్‌హేలర్ తీసి రెండుసార్లు పీల్చాను. కాసేపటికే ఊపిరి ఆడింది.

చూస్తున్న నీ బిడ్డ మమత అడిగింది: "చిన్నమ్మా, మరి అమ్మ ఇది ఎందుకు బంద్ జేసింది?"

అప్పట్లో నేను గోదావరిఖనిలో బరువు తగ్గే పౌడర్లు, విటమిన్ గోళీలు అమ్మేదాన్ని. "అక్కా, బరువు తగ్గితే దమ్ము రోగం అదే పోతది. గీ పౌడర్ తాగు. ఇన్‌హేలర్ అలవాటైతది, బంద్ చెయ్యి" అన్నాను. డాక్టరును అడుగుతానన్నావు. "అంటే నా మీద నమ్మకం లేదా?" అని అలిగాను. నా కోసం మానేశావు. బరువు కాస్త తగ్గావు కూడా. నీ ఫొటో తీసి కాలనీ అంతా చూపించుకున్నాను. నెల తిరగకముందే ఊపిరాడక దవాఖానలో చేరావు, మళ్లీ రాలేదు.

మమతకు అబద్ధం చెప్పలేకపోయాను. "నేనే బంద్ చేయించిన బిడ్డా" అన్నాను.

డ్యూటీకి సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్న బావ ఆ మాట విన్నాడు.

"నాకు ఎరుకనే. మీ అక్క దవాఖానలనే చెప్పింది. చెల్లెను ఏమనద్దని నాతోని ఒట్టు వేయించుకున్నది" అన్నాడు.

ఏడాదిగా నేను వచ్చినప్పుడల్లా కూర్చోబెట్టి అన్నం పెట్టాడు అక్కా, అన్నీ తెలిసే.